లెక్కల టీచరుగా మీరు తప్పుకోండి, అమ్మగా ఉండండి

ప్రశ్న: మా బాబుకి 15 ఏళ్లు. ఆరేళ్లుగా ఇంట్లోనే చదివిస్తున్నాను. మొన్నటిదాకా బాగానే సాగింది. ఏడాదిగా పొద్దున పది దాటితే గానీ లేవడు. లెక్కల పుస్తకం తీయమంటే గొడవే. మొన్న ఒక తప్పు చూపిస్తే నోట్సులో ఆ పేజీ చింపేశాడు. స్కూల్లో వేసేద్దామంటున్నారు మావారు. ఉద్యోగం మానుకుని మరీ చదువు చెప్పాను. వాడి భవిష్యత్తు నేనే పాడుచేశానా?

జవాబు: లేదమ్మా, మీరేమీ పాడుచేయలేదు. ఆ చింపిన పేజీ గురించి చదివినప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది. స్కూలుకి వెళ్లే పిల్లాడు టీచరు మీద కోపమొస్తే ఇంటికొచ్చి అమ్మకి చెప్పుకుంటాడు. మీవాడికి టీచరూ అమ్మే. ఇక ఎవరికి చెప్పుకోవాలి? తొమ్మిదేళ్లప్పుడు ఇది పెద్ద విషయం కాదు. ఇప్పుడు అమ్మ ముందు తప్పు చేయడమే వాడికి చిన్నతనంగా ఉంటుంది.

అందుకే ముందు లెక్కలు ఇంకొకరికి అప్పగించండి. ట్యూషన్ టీచరో, ఆన్‌లైన్ క్లాసో, బాగా చదువుకున్న బంధువో, ఎవరైనా పర్వాలేదు. మొదటి రోజే కింది తరగతుల లెక్కలు కొన్ని ఇచ్చి చూడమనండి. ఆల్జీబ్రా రాక ఏడ్చే పిల్లల్లో చాలామందికి అసలు చిక్కు భిన్నాల దగ్గరో, మైనస్ గుర్తుల దగ్గరో ఉంటుంది. వెనక్కి వెళ్లి దాన్ని సరిచేసుకోవడానికి ఇంటి చదువులో ఉన్నంత వీలు మరెక్కడా ఉండదు. నలుగురిలో నవ్వులపాలయ్యే భయమూ లేదు.

ఆలస్యంగా లేవడాన్ని బద్ధకం కింద జమకట్టేయకండి. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. చదువు పదిన్నరకి మొదలుపెట్టండి, నష్టం లేదు. ఫోన్ మాత్రం రాత్రి గదిలో వద్దు. మీ ఇద్దరి ఫోన్లూ వాడి ఫోన్ పక్కనే హాల్లో పెట్టండి, అప్పుడే వాడు ఒప్పుకుంటాడు.

మీవారిది కోపం కాదు, టెన్షన్. ఆయన చేతికి ఒక ఫైలు ఇవ్వండి. బాబు ఏ సబ్జెక్టులో ఏ పుస్తకాలు చదివాడు, ఏం రాశాడు, ఏ ప్రయోగాలు చేశాడు, అన్నీ తేదీలతో అందులో ఉండాలి. రేపు కొన్ని కాలేజీల్లో సీటు అడిగినప్పుడూ అది పనికి రావచ్చు. ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి పరీక్ష రాయడానికి దరఖాస్తు గడువు ఎప్పుడో, సైన్స్ ప్రాక్టికల్స్ ఎక్కడ చేయిస్తారో ఈ నెలలోనే ఆయన్నే కనుక్కోమనండి. ఇన్నాళ్లూ ఈ బరువంతా మీరొక్కరే మోశారు.

స్కూలు సంగతి మీరిద్దరే తేల్చేయకండి, వాణ్ణీ కూర్చోబెట్టి అడగండి. వెళ్తానంటే పంపండి, మీ ఆరేళ్ల కష్టం ఎక్కడికీ పోదు. ఉంటానంటే వారం ప్రణాళిక వాడినే రాసుకోనివ్వండి. శనివారం ఒక్కసారి చూడండి చాలు, రోజూ పక్కన కూర్చోవద్దు.

ఆ చింపిన పేజీ మాట మళ్లీ ఎత్తకండి. వాడే ఎత్తితే మధ్యలో మాట్లాడకుండా వినండి.