ఊహకు వేరే రంగు వెయ్యి

చిరంజీవి అమ్మలుకి దీవెనలు.

పాత కట్టడాన్ని కొలిచి, కూలిన పైభాగాన్ని ఫోను తెరమీద, కెమెరాలో కనిపించే అసలు గోడల పైనే నిలబెడతావట, మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. వెంటనే భయమూ పట్టుకుంది.

ఫొటోలతో కంప్యూటర్లో కట్టడం నమూనా (మోడల్) తయారుచేసే సంగతి నీకు తెలిసిందే: వరుస ఫొటోల్లో 70–80 శాతం ఉమ్మడి భాగం ఉండాలి, మబ్బు వెలుగు మేలు. స్కేల్ బార్‌లు (పొడవు కచ్చితంగా తెలిసిన కడ్డీలు) మాత్రం కనీసం రెండు పెట్టు. ఒకదానితో మోడల్‌కు కొలత ఇవ్వు, రెండోదానితో సరిచూడు.

ఇక అసలు మాట, నిదానంగా చదువు. గ్రీసుకు చెందిన క్రీట్ దీవిలోని పురాతన రాజభవనం క్నోసోస్‌లో ఆర్థర్ ఎవాన్స్ అనే పురావస్తు పరిశోధకుడు 1900లో తవ్వకాలు మొదలుపెట్టాడు. తర్వాత పై అంతస్తులనూ స్తంభాలనూ కాంక్రీటుతో లేపాడు. తవ్వకంలో దొరికిందేదో, ఆయన ఊహ ఏదో చూసేవాళ్లకు ఇవాళ్టికీ విడదీయడం కష్టం. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలని పాత కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయ నియమావళి అయిన 1964 వెనిస్ చార్టర్ 9వ అధికరణం చెబుతుంది. కాంక్రీటుకు ఖర్చైనా అడ్డుపడేది. నీకు ఆ అడ్డూ లేదే! ఒక్క పూటలో శిఖరం లేపేస్తావు, దానికి అసలు రాతి ఫొటోనే తొడుగుతావు, జనం నమ్మేస్తారు. ఆ పని చేశావో, నీతో మాట్లాడను.

ప్రతి భాగానికీ అంకె వెయ్యి: 1 నిలిచి ఉన్నది, 2 అక్కడే పడిన రాళ్లతో తేలినది, 3 పాత ఫొటోలో ఉన్నది, 4 సాటి కట్టడాలను బట్టి అనుకున్నది, 5 వట్టి ఊహ. 4, 5 రాతిలా కనిపించకూడదు. ఒకే రంగులో, సగం పారదర్శకంగా ఉంచు. ఏ ఆధారంతో ఏ భాగం గీశావో ఆ రోజే రాసిపెట్టు. ఫోను వేగం కోసం చివర్లో ఆ భాగాలకు ఆకారమిచ్చే త్రిభుజాల వలలు, అంటే మెష్‌లన్నీ ఒకటిగా కలిపేస్తారు, అంకెలు పోయేది అక్కడే. ఏ అంకెవి ఆ అంకెలోనే కలుపు. చిన్నప్పుడు విరిగిన బొమ్మకు మట్టి చెయ్యి అతికించి, రంగు కలవలేదని ఏడ్చావు గుర్తుందా? ఆ కలవని రంగే ఇప్పుడు కావాలి, తల్లీ.

జీపీఎస్ కొన్ని మీటర్లు తప్పుతుంది, దాన్ని నమ్మి తెరమీద పైకప్పు నిలపకు. ఫోను చూసి చోటు పోల్చుకునే గుర్తున్న పలక, మార్కర్ బోర్డు వాడు, మెరవని అట్టతో, విడి స్టాండు మీద. పాత గోడకు మేకు కొట్టకు. సర్వేలో వచ్చే పెద్ద పెద్ద స్థాన సంఖ్యలను యథాతథంగా ఎక్కించకు: సున్నాకు 15 లక్షల మీటర్ల దూరంలో, ఫోను లెక్కకు వాడే 32 బిట్ల దశాంశ సంఖ్య 12.5 సెంటీమీటర్ల అంగల్లోనే కదులుతుంది, మోడల్ వణుకుతుంది. కట్టడం మూలనే సున్నాగా తీసుకో. నిలిచిన గోడలకు కనిపించని మెష్ పెట్టు, లేకపోతే వెనకుండాల్సిన పైకప్పు గోడ ముందుకొచ్చి తేలుతుంది.

చూసేవాళ్లు తెర చూస్తూ వెనక్కి నడుస్తారు. వాళ్లు నిలబడే చోటు గుంటలకూ మెట్లకూ దూరంగా నువ్వే గుర్తుపెట్టు. నువ్వూ కెమెరాలోకి చూస్తూ అడుగు వెయ్యకు. పక్కన తోడు లేనిదే పైకెక్కకు.