రాత్రికో నంబరు, పగటికో మనిషి

చిన్నా,

ఉత్తరంలో నీ పేరు రాయడం లేదు. హాస్టల్ గదిలో ఎవరి కంటైనా పడితే ఇది నీ గురించని తెలియకూడదు. నేను కింద రాసే నంబర్లను నువ్వూ "గ్యాస్ బుకింగ్", "బస్ డిపో" లాంటి పేర్లతో దాచుకో. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఎవరికి ఎప్పుడు చెప్పాలన్నది నీ చేతిలో ఉండాలి, అంతే.

"నాలాంటి గే వాళ్లు మన జిల్లాలో ఎక్కడుంటారు, మనసు బాగోకపోతే ఎవరికి చెప్పుకోవాలి" అని ఒక్క వాక్యంలో అడిగేశావు. ఈ రెండూ వేరువేరు పనులురా. జిల్లా ఆసుపత్రిలో కౌన్సిలర్ కుర్చీలో ఇన్నేళ్లు కూర్చున్నదాన్ని కదా, పిల్లలు తడబడేది ఎక్కువగా ఇక్కడే అని చూశాను. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, స్నేహితులు దొరకలేదని నిరాశపడతారు. లేదా సంఘంలో పరిచయమైన అన్నకి రాత్రి రెండింటికి ఫోన్ చేసి, ఆయన ఎత్తకపోతే నాకెవరూ లేరని తీర్మానించేసుకుంటారు. పాపం ఆ అన్న పొద్దున్నే డ్యూటీకి పోవాల్సిన మనిషి, నిద్రపోతుంటాడు. సంఘాల్లో చాలామంది సొంత ఉద్యోగాలు చేసుకుంటూ, మిగిలిన గంటల్లో ఈ పని చేసేవాళ్లే. కాబట్టి రాత్రికి ఒకటి, పగటికి ఒకటి విడిగా చూసి పెట్టుకో. అదీ మనసు కాస్త నిమ్మళంగా ఉన్నప్పుడే చూసుకో. బాగోలేని రోజున నంబరు వెతికే ఓపిక కూడా ఉండదు.

ముందు రాత్రి సంగతి. 14416 గుర్తుపెట్టుకో, టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు. కేంద్ర ఆరోగ్యశాఖ 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ కలవగానే భాష ఎంచుకోమని రికార్డింగ్ గొంతు అడుగుతుంది. ఆ కాసేపట్లోనే భయపడి పెట్టేసేవాళ్లు ఉంటారు. నువ్వు పెట్టెయ్యకు. మనిషి లైన్లోకి వచ్చాక మొదటి నిమిషంలోనే నీ గురించి అంతా విప్పి చెప్పాలని కూడా లేదు. "నిద్ర పట్టడం లేదు, బతకాలనిపించడం లేదు" అంటే చాలు, వాళ్ల పని మొదలవుతుంది. అవతలి గొంతు మీద నమ్మకం కుదిరాక "నేను గేని" అని చెప్పు. అవతలి మనిషి నీతులు చెప్పడం మొదలుపెడితే వేరే కౌన్సిలర్‌కి కలపమని అడుగు, లేదా పెట్టేసి మళ్లీ చెయ్యి, ఇంకొకరు ఎత్తుతారు. లైంగికత కారణంగా వివక్ష చూపకుండా మానసిక వైద్యం అందాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్‌లో రాసి ఉంది. నువ్వు చెప్పింది గోప్యంగా ఉంచాలని 23వ సెక్షన్ అంటుంది. ఫోన్‌లో సెక్షన్లు ఏకరువు పెట్టమని కాదు. నువ్వు అడుక్కోవడం లేదని నీకు తెలిసి ఉండాలని రాస్తున్నాను.

ఆ నంబరు కలవకపోతే అని ఇంకో రెండు. హైదరాబాద్‌లో రోష్నీ అని ఉంది, 1997 నుంచి ఆత్మహత్యల నివారణ మీదే పనిచేస్తోంది: 81420 20033. ముంబయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ వాళ్లది ఐకాల్, 91529 87821. అక్కడ ఫోన్ ఎత్తేది శిక్షణ పొందిన కౌన్సిలర్లు, గే, లెస్బియన్, ట్రాన్స్ అన్న మాటలకి ఉలిక్కిపడరు. ఈ రెండింటికీ వేళలుంటాయి, ఇవాళే చూసి రాసుకో.

మీ రూమ్మేట్ ఈమధ్య "ఉండి ఏం లాభం" అంటున్నాడని రాశావు. అది తేలిగ్గా తీసుకోకు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడుగు. అడిగితే లేనిపోని ఆలోచన పెట్టినట్టవుతుందని మనవాళ్లు జంకుతారు గానీ, అలా జరగదు. అడిగినందుకు ఊపిరి పీల్చుకున్నవాళ్లనే నేను చూశాను. అవునంటే ఒంటరిగా వదలకు. పక్కన కూర్చుని నువ్వే 14416 కలిపి ఫోన్ వాడి చేతికివ్వు. వాడు తనను తాను గాయపరుచుకునేలా ఉన్నా, ఏదైనా చేసేసుకున్నా మాత్రం హెల్ప్‌లైన్ల జోలికి పోకుండా 108 గాని 112 గాని కొట్టి క్యాజువాలిటీకి తీసుకెళ్లు. అక్కడ ఎంఎల్‌సీ, అంటే పోలీసులకు తెలిపే మెడికో లీగల్ కేసు రాస్తారు, పోలీసులు వచ్చి స్టేట్‌మెంట్ తీసుకోవచ్చు. అది చూసి పిల్లలు బెదిరి పారిపోతుంటారు. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. అంతకుముందే 2017 చట్టం, ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, శిక్షించకూడదని చెప్పింది. వాడూ గే అయితే, ఆ సంగతి ఆ కాగితాల్లో రాయాల్సిన పనిలేదు. వాడు చెప్పమన్నదాకా నువ్వు చెప్పకు.

ఇక పగటి సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఈ దారి ఎవరూ సరిగ్గా చెప్పరు.

మన చిన్న ఊళ్లలో "గే సంఘం" అని బోర్డు కనిపించదు. అద్దెకిచ్చినాయన ఊరుకోడు మరి. అలాగని సంఘాలు లేవనుకోకు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) డబ్బుతో జిల్లాల్లో టీఐ (టార్గెటెడ్ ఇంటర్వెన్షన్) ప్రాజెక్టులు, అంటే హెచ్ఐవీ ముప్పు ఎక్కువున్నవాళ్ల కోసం పెట్టినవి నడుస్తుంటాయి. స్వలింగ సంబంధాలున్న మగవాళ్లతో, హిజ్రాలతో, ట్రాన్స్ స్త్రీలతో పనిచేసేవి అవే. బోర్డు మీద ఏదో ట్రస్టు పేరు, గ్రామీణాభివృద్ధి సొసైటీ పేరు ఉంటుంది. లోపల పీర్ ఎడ్యుకేటర్లుగా, అంటే తోటివాళ్లకి విషయాలు చెప్పేవాళ్లుగా పనిచేసేది కమ్యూనిటీ మనుషులే. వాళ్లను కలవాలంటే దగ్గరి దారి జిల్లా ఆసుపత్రిలోని ఐసీటీసీ (హెచ్ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రం), లేదా "సురక్ష క్లినిక్" అన్న బోర్డున్న సుఖవ్యాధుల గది. పొద్దున ఓపీ వేళలో వెళ్లి, కౌన్సిలర్ ఒక్కరే ఉన్నప్పుడు "ఎంఎస్ఎం టీఐ వాళ్లతో మాట్లాడాలి, ఎవర్ని కలవాలి?" అని అడుగు. ఎంఎస్ఎం అంటే మగవాళ్లతో సంబంధమున్న మగవాళ్లని వాళ్ల లెక్కల్లో మాట. ఇంకేం వివరించనక్కర్లేదు. మాకు రోజూ వినే మాటే అది. హెచ్ఐవీ పరీక్ష చేయించుకోమని అడుగుతారు. చేయించుకుంటే మంచిదే గానీ, నీ ఒప్పుకోలు లేకుండా చెయ్యకూడదు, ఫలితం ఎవరికీ చెప్పకూడదు. ఆసుపత్రి గుమ్మం తొక్కాలంటే భయమైతే 1097కి చెయ్యి. ఆ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వాళ్ల ఉచిత హెల్ప్‌లైన్ అది, దగ్గర్లోని సెంటర్ ఎక్కడుందో చెబుతారు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. టీఐ వాళ్ల లెక్కంతా కండోమ్‌లు, పరీక్షలు, రిజిస్టర్లు. అక్కడికి వెళ్లి నీ మనసులో గుబులంతా చెప్పుకుందామంటే మొదటిరోజు నీకు చప్పగా అనిపిస్తుంది. నీ లాంటి బీటెక్ పిల్లాడికి అక్కడి మాట తీరు మోటుగా కూడా అనిపించవచ్చు. ముఖం చిట్లించకు. పోలీసు ఎవర్ని ఆపాడు, ఇంట్లోంచి ఎవర్ని వెళ్లగొట్టారు, ఏ డాక్టరు మర్యాదగా చూస్తాడు అన్నది ఆ ఊళ్లో ముందు తెలిసేది వాళ్లకే. నాలుగుసార్లు వెళ్లి టీ తాగి వస్తే, నీకు సరిపడే మనిషి ఎవరో వాళ్లే చూపిస్తారు.

నీ క్లాసులో ఉందని రాశావే, ఆ అమ్మాయికి మాత్రం ఈ దారి పనికిరాదు. ఆడవాళ్లను ప్రేమించే ఆడపిల్లలు టీఐ లెక్కల్లోనే లేరు. ఇది నాకు మొదట్నుంచీ కోపం తెప్పించే సంగతి. ఆమెకి పెద్ద ఊళ్ల సంఘాలే నయం. హైదరాబాద్‌లో వజూద్, మొబ్బెరా ఫౌండేషన్ ఉన్నాయి. ట్రాన్స్ వాళ్లకైతే తెలంగాణ హిజ్రా ఇంటర్‌సెక్స్ ట్రాన్స్ సమితి ఉంది. 2013లో హైదరాబాద్‌లో మొదటిసారి ప్రైడ్ ఊరేగింపు, అంటే మనవాళ్లంతా కలిసి బాహాటంగా నడిచేది జరిగింది. ఊరేగింపులో నడవక్కర్లేదు, దాన్ని నడిపే సంఘాల సోషల్ మీడియా పేజీలు చూస్తే ఎవరు ఎక్కడ కలుసుకుంటున్నారో తెలుస్తుంది. చెన్నైలో ఓరినం వాళ్ల వెబ్‌సైట్‌లో సంఘాలు, కష్టకాలంలో పిలవాల్సిన నంబర్లు ఊరివారీగా ఉంటాయి. బెంగళూరులో గుడ్ యాజ్ యూ 1994 నుంచి నడుస్తోంది, ఉద్యోగానికి అటు వెళ్తే గుర్తుంచుకో. కోల్‌కతా వార్తా ట్రస్టు వాళ్ల ఆన్‌లైన్ జాబితాలో మనల్ని చిన్నచూపు చూడని డాక్టర్లు, కౌన్సిలర్లు, లాయర్లను ఊరి పేరుతో వెతకొచ్చు.

ఎక్కడికైనా బయల్దేరేముందు మాత్రం ఫోన్ చెయ్యి. ఈ సంఘాలు విరాళాల మీద, ప్రాజెక్టుల మీద బతుకుతాయి. నారాయణగూడలో ట్రాన్స్ వాళ్ల కోసం 2021లో తెరిచిన మిత్ర్ క్లినిక్‌కి అమెరికా నిధులు ఆగిపోయి 2025లో మూతపడింది, తర్వాత వేరే పేరుతో మళ్లీ తెరుచుకుంది. పాత జాబితా పట్టుకుని వెళితే తాళం చూసి రావాల్సిందే. మొదటిసారి కలవడం పగటిపూట, నలుగురూ తిరిగే చోట పెట్టుకో. సంఘం అని చెప్పుకుంటూ ముందే డబ్బు, ఫొటో, ఆధార్ అడిగితే లేచి వచ్చెయ్యి. డేటింగ్ యాప్‌లో దొరికిన మనిషిని సంఘం కింద జమకట్టకు. గదికి పిలిచి వీడియో తీసి డబ్బు గుంజే ముఠాలున్నాయి. అలా ఇరుక్కుంటే ఒక్క రూపాయి కూడా పంపకు, చాట్ చెరిపెయ్యకు. పంపేసి ఉంటే వెంటనే 1930కి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కి చెయ్యి.

డాక్టరును, కౌన్సిలర్‌ను ఎంచుకునేటప్పుడు పెద్ద పేరు చూడకు. ఫోన్‌లోనే అడిగెయ్యి: "గే వాళ్లతో పనిచేసిన అనుభవం ఉందా? ఇది మార్చాల్సిన విషయమని మీరనుకుంటారా?" రెండో ప్రశ్నకి నసిగినా, "ముందు రండి చూద్దాం" అన్నా వెళ్లకు. ముంబయిలో మారీవాలా హెల్త్ ఇనిషియేటివ్ వాళ్లు క్వీర్ అఫర్మేటివ్ కౌన్సెలింగ్ అని, మనల్ని మార్చాలని చూడకుండా ఉన్నట్టే ఒప్పుకుని కౌన్సెలింగ్ చెయ్యడం నేర్పే ఒక కోర్సు నడుపుతారు. అది చేశామంటే సగం చింత తీరినట్టే. గోడల మీద "సెక్సాలజిస్టు" రాతలు, యూట్యూబ్‌లో "మూడు నెలల్లో మార్చేస్తాం" అనేవాళ్లు, మందులు, షాకులు, ముహూర్తం పెట్టి పెళ్లి చేసేస్తే సర్దుకుంటాడనే సలహాలు, ఇవన్నీ ఒక బాపతే. అలా మార్చే చికిత్స చెయ్యడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు రాసింది. ఇంట్లోవాళ్లు ఎవరైనా నిన్ను అలాంటి చోటికి తీసుకెళ్తే, ఆ డాక్టరు పేరు, తేదీ, రాసిచ్చిన చీటీ దాచిపెట్టు. ఫిర్యాదుకి అవి కావాలి.

ఇంట్లో బంధించడం, ఫోన్ లాక్కోవడం దాకా వస్తే అది మానసిక సమస్య కాదు, చట్టం సంగతి. 15100 న్యాయసేవల సంస్థ నంబరు, జిల్లా కోర్టు ఆవరణలోనే వాళ్ల ఆఫీసు ఉంటుంది. పెద్దవాళ్లయిన పిల్లలు ఎవరితో ఉండాలన్నది వాళ్ల ఇష్టం. ఇలాంటి కేసుల్లో కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే ప్రయత్నం చెయ్యొద్దని 2024 మార్చిలో సుప్రీంకోర్టు మిగతా కోర్టులకు మార్గదర్శకాలిచ్చింది. అదే ఏడాది డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా విజయవాడ అమ్మాయి వేసిన కేసులో, ఆమె తోడు ఆమెతోనే ఉండొచ్చని, తల్లిదండ్రులు అడ్డురాకూడదని చెప్పింది. నీకు ఆ అవసరం రాదనే అనుకుంటున్నాను. మీ నాన్న కోపిష్ఠే గానీ చెయ్యెత్తే మనిషి కాదు, నా తమ్ముడు నాకు తెలీదా.

మీ నాన్నకి చెప్పాలా వద్దా అని అడిగావు. చదువు ఖర్చు వాడి చేతిలో ఉన్నంతకాలం తొందరపడకు అనే నేనంటాను, నిన్ను సంఘంవాళ్లు పిరికి అన్నా సరే. చెప్పాలనుకున్న రోజున మాత్రం ఆ రాత్రి పడుకోవడానికి వేరే చోటు, నీ సర్టిఫికెట్లు నీ దగ్గర, చేతిలో కాస్త డబ్బు ఉండేలా చూసుకో. నా గుమ్మం ఎటూ ఉంది. స్వీకార్ అని ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు పెట్టుకున్న బృందం ఒకటుంది. మీ అమ్మకి ఏదో ఒకరోజు అక్కడి ఇంకో అమ్మతో మాట్లాడిస్తే, నేను పది ఉత్తరాలు రాసినదానికంటే ఎక్కువ పని జరుగుతుంది.

సోమవారం ఆసుపత్రికి ఒక్కడివే వెళ్లలేకపోతే ఆదివారం రాత్రి ఫోన్ చెయ్యి, తొలి బస్సుకి వచ్చేస్తాను. ఓపీ చీటీ మధ్యాహ్నం దాటితే ఇవ్వరు. ఈలోగా ఆ రూమ్మేట్‌ని ఇవాళే అడుగు.

మీ అత్త