కంప్యూటర్‌లో రాసిన టెక్స్ట్ నోట్స్ ఫోన్‌లోనూ కావాలంటే మేం చేస్తున్నది

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. షాపులో విండోస్ కంప్యూటరు, చేతిలో ఆండ్రాయిడ్ ఫోను. నోట్స్ అన్నీ నోట్‌ప్యాడ్ ఫైళ్లు. బయటికి వెళ్లేటప్పుడు వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుంటున్నారు, సాయంత్రానికి ఏది కొత్తదో ఏది పాతదో తేలడం లేదు. పైగా కొన్ని ఫైళ్లలో తెలుగు పోయి ప్రశ్న గుర్తులు మిగులుతున్నాయి.

మాది పలాస పక్కనే కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం. జీడిపిక్కలు ఎవరి దగ్గర ఎన్ని బస్తాలు దించాం, 240 గ్రేడు పప్పు ఏ రేటుకి వెళ్లింది, 320 ఏ రేటుకి వెళ్లింది, ఎవరికి అడ్వాన్సు ఇచ్చాం, ఇవన్నీ నేను టెక్స్ట్ ఫైళ్లలోనే రాస్తాను. జీఎస్టీ లెక్కలు వేరు, అవి అకౌంటెంటు చూసుకుంటారు.

వాట్సాప్‌లో ఫైలు పంపిన ప్రతిసారీ ఒక కొత్త కాపీ పుడుతుంది. దాన్ని ఫోన్‌లో మార్చి తిరిగి పంపితే మరొకటి. మీ గందరగోళం అంతా అక్కడే ఉంది. అందుకని పంపడం మానేయండి. కంప్యూటర్‌లో ఒక ఫోల్డరు పెట్టుకుని, అదే ఫోల్డరు ఫోన్‌లోనూ కనిపించేలా చేసుకోండి. ఏ యాప్ వాడాలన్నది ఆ తర్వాతి మాట.

నేను వాడేది సింక్‌థింగ్. రెండు పరికరాల్లోని ఫోల్డరుని ఎప్పుడూ ఒకేలా ఉంచే, అంటే సింక్ చేసే ప్రోగ్రాం. ఉచితం, ఓపెన్ సోర్స్, 2013 నుంచి ఉంది. మధ్యలో ఎవరి సర్వర్‌లోనూ మీ ఫైళ్లు దాచదు. రెండు పరికరాలూ ఒకదాన్నొకటి వెతుక్కుని, వేరేవాళ్లు చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసి, వీలైనంతవరకు నేరుగా మార్చుకుంటాయి. కంప్యూటర్‌లో చూపించే క్యూఆర్ కోడ్‌ని ఫోన్‌తో స్కాన్ చేసి, ఫోల్డరు షేర్ చేస్తే సరి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. సింక్‌థింగ్ వాళ్ల సొంత ఆండ్రాయిడ్ యాప్ 2024 డిసెంబరుతో ఆగిపోయింది. పాత వీడియోలు చూసి దానికోసం ప్లే స్టోర్‌లో వెతక్కండి. వేరేవాళ్లు కొనసాగిస్తున్న సింక్‌థింగ్-ఫోర్క్ అనే యాప్ ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్‌లో దొరుకుతుంది.

దీంతో ఒక ఇబ్బంది ఉంది. రెండూ ఒకే సమయంలో ఆన్‌లో ఉండాలి. షాపు కంప్యూటరు కట్టేసి బయల్దేరాక ఫోన్‌లో రాసింది మళ్లీ కంప్యూటరు వేసేదాకా అటు చేరదు. అలాగే కొన్ని ఫోన్లు బ్యాటరీ పేరు చెప్పి వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తుంటాయి. సెట్టింగుల్లో ఈ యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయండి, లేకపోతే రోజూ టెన్షనే.

అయినా నేను దీన్నే పట్టుకుని ఉండటానికి కారణం మన ప్రాంతం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. జీడి, కొబ్బరి తోటలు పడిపోయిన రైతులకు మేమెంత ఇచ్చాం, వాళ్లు మాకెంత ఇవ్వాలి అన్నది అప్పుడే చూడాల్సి వచ్చింది. ఇంటర్నెట్ ఉంటేనే తెరుచుకునే నోట్సు అలాంటప్పుడు ఎందుకూ పనికిరాదు. ఫోన్ మెమరీలో ఫైలుగా ఉన్న నోట్సయితే బ్యాటరీ ఉన్నంతసేపూ తెరుచుకుంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్ కలిపినా సింక్‌థింగ్ పని చేస్తుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. వైఫైలో ఉన్నప్పుడే నడవాలన్న షరతు పెట్టి ఉంటే మాత్రం అప్పుడు తీసేయాల్సి రావచ్చు. మా మావయ్య ఇదంతా విని, "నా ఖాతా పుస్తకానికి ఛార్జింగు కూడా అక్కర్లేదు బావూ" అంటాడు. ఆయన్ని ఒప్పించే పని నేను పెట్టుకోలేదు.

ఇంత తతంగం వద్దనుకుంటే, ఫైళ్లని ఇంటర్నెట్‌లో తన సర్వర్‌లో దాచే డ్రాప్‌బాక్స్ చాలు. ఉచిత ఖాతాలో 2 జీబీ ఇస్తారు, మూడు పరికరాలకు మించి కలపనివ్వరు. 2 జీబీ తక్కువని భయపడకండి. తెలుగుతో సహా అన్ని భాషల అక్షరాలనీ దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికో, గుణింతపు గుర్తుకో 3 బైట్లు. అంటే ఒక్క ఎంబీలోనే అలాంటివి దాదాపు మూడున్నర లక్షలు పడతాయి. జీవితాంతం రాసినా 2 జీబీ నిండదు. కాకపోతే ఫోన్‌లో ప్రతి ఫైలునీ ఆఫ్‌లైన్‌లో ఉండేలా విడిగా గుర్తు పెట్టాలి. గూగుల్ కీప్ బావుంటుంది కానీ అది ఫైళ్లు కాదు, మీ నోట్‌ప్యాడ్ దాన్ని తెరవలేదు. జోప్లిన్ అనే నోట్స్ యాప్ కూడా నోట్సుని తన డేటాబేస్‌లో పెట్టుకుంటుంది.

ఫోన్‌లో రాయడానికి మార్కోర్ అనే ఎడిటర్ వాడండి. ఫోల్డరు చూపిస్తే అందులోని ఫైళ్లు అలాగే తెరుస్తుంది. ఫోల్డరుని డాక్యుమెంట్స్ లోపల పెట్టండి. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక యాప్ సొంత డేటా ఫోల్డర్‌లోకి వేరే యాప్‌లను రానివ్వడం లేదు, అక్కడ పెడితే ఎడిటర్‌కి ఫైళ్లు కనిపించవు.

ఇక అసలు గొడవ, ఒకే ఫైలుని రెండుచోట్లా మార్చడం. షాపులో గుమస్తా రేట్ల ఫైలు మారుస్తుండగా మీరు సంతలో ఉండి అదే ఫైలు మార్చారనుకోండి. సింక్‌థింగ్ ఒకదాన్ని ఉంచి, రెండోదాన్ని పేరులో కాన్‌ఫ్లిక్ట్ అని చేర్చి పక్కన పెడుతుంది. ఏదీ పోదు, కానీ రెండూ పక్కపక్కన పెట్టి కలిపే పని మీదే. ఇది రాకుండా మేం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఫోన్ నుంచి రాసేవన్నీ "దారిలో" అనే ఒకే ఫైలులోకి వెళ్తాయి. షాపుకి వచ్చాక కంప్యూటర్ దగ్గర కూర్చుని వాటిని అసలు ఫైళ్లలోకి ఎక్కిస్తాం. మిగతా ఫైళ్లు ఫోన్‌లో చదవడానికే. కొంచెం చాదస్తంగా అనిపించినా, ఏ యాప్ మార్చినా ఈ పద్ధతి చెడదు.

సింక్ ఉంది కదా అని బ్యాకప్ మానేయకండి. ఫోన్‌లో ఫైలు తుడిచేస్తే కంప్యూటర్‌లోనూ పోతుంది. సింక్‌థింగ్‌లో ఫోల్డరు సెట్టింగుల్లో ఫైల్ వెర్షనింగ్ ఉంటుంది, కంప్యూటరు వైపు ఆన్ చేయండి. అవతలి వైపు నుంచి మారినవి, తుడిచినవి పాత రూపంలో కొన్నాళ్లు దాచి ఉంచుతుంది. దానికి తోడు పెన్‌డ్రైవ్‌లో అప్పుడప్పుడు ఒక కాపీ.

ప్రశ్న గుర్తుల సంగతి. పాత నోట్‌ప్యాడ్ మామూలుగా ఆన్సీ పద్ధతిలో సేవ్ చేసేది. అందులో తెలుగు అక్షరాలకి చోటే లేదు. సేవ్ చేసేటప్పుడు వచ్చే హెచ్చరికకి ఓకే నొక్కితే తెలుగంతా ప్రశ్న గుర్తులైపోతుంది, ఇక తిరిగి రాదు. 2019లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి యూటీఎఫ్-8 దానంతటదే ఉంటోంది. నోట్‌ప్యాడ్ కింద కుడిమూల చూడండి, అక్కడ యూటీఎఫ్-8 అని కనిపించకపోతే సేవ్ యాజ్‌లోకి వెళ్లి ఎన్‌కోడింగ్ మార్చండి. ప్రశ్న గుర్తులు కాకుండా యూరప్ అక్షరాల్లాంటి పిచ్చి రాతలు కనిపిస్తే కంగారు పడకండి. చాలాసార్లు ఫైలు బాగానే ఉంటుంది, తెరిచిన విధానమే తప్పు. యూటీఎఫ్-8 అని ఎంచుకుని మళ్లీ తెరిస్తే తెలుగు కనిపిస్తుంది.

డీటీపీ షాపులో "అను" అనే పాత తెలుగు ఫాంట్లతో టైపు చేయించిన ఫైళ్లు మీ దగ్గరుంటే మాత్రం వాటికి ఈ వైద్యం పనిచేయదు. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాలనే తెలుగులా చూపిస్తాయి, టెక్స్ట్ ఫైలుకి ఫాంటు ఉండదు కాబట్టి అవి ఇంగ్లిష్ గజిబిజిగానే వస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేసి, అంకెలు ఒకసారి సరిచూసుకుని, అప్పుడు ఫోల్డర్లో పెట్టండి.