పాఠకుల ప్రశ్నలు: దీపం వెలుగు పడినంత మేర

ప్రశ్న: మా అక్కా నేనూ ఈ మధ్య ‘ది డిసెంట్’ అనే బ్రిటిష్ భయానక చిత్రాన్ని చూశాము. మా తాతగారు సైదాపురం వైపు అభ్రకం గనుల్లో పనిచేసినవారు. లోపల దీపం ఆరిపోతే మనిషి పరిస్థితి ఏమిటో చిన్నప్పుడే ఆయన నోట విన్నాము. అందువల్లనో ఏమో, ఆ వింత జీవుల కంటే గుహే మమ్మల్ని ఎక్కువగా భయపెట్టింది. దీనిని నిజమైన గుహలోనే తీశారా? పాత్రలన్నీ స్త్రీలవి కావడం వల్లనే దీనిని అంతగా మెచ్చుకుంటున్నారా? ముగింపు గురించి మాత్రం మా ఇద్దరికీ మాట కుదరలేదు.
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మీ భయం సరైన చోటనే పుట్టింది. 2005లో వచ్చిన ఈ చిత్రంలో దాదాపు సగం కథ నడిచేదాకా ఆ జీవులు స్పష్టంగా కనబడవు. అంతవరకూ మనల్ని వణికించేవి ఇరుకు సందు, కూలిన దారి, చీకటి మాత్రమే. కథ అమెరికాలోని అపలాచియన్ కొండల్లో జరిగినా, కొండల దృశ్యాలను స్కాట్లాండ్‌లోనూ, గుహ దృశ్యాలను లండన్‌కు దగ్గరలోని పైన్‌వుడ్ స్టూడియోలో వేసిన సెట్లలోనూ తీశారు. అయినా అది సెట్ అన్న సంగతి మనకు తోచకపోవడానికి కారణం వెలుతురే. పాత్రల తలపై ఉన్న దీపాలు, చేతిలోని మంటలు, వీడియో కెమెరా ఇచ్చే పచ్చని మసక చూపు, వీటి వెలుగు ఎంతవరకు పడితే ప్రేక్షకుడికి కూడా అంతవరకే లోకం. మీ తాతగారు చెప్పినది ఈ భయమే కదా.

రెండవ ప్రశ్నకు కొంచెం ఎక్కువ చోటు తీసుకుంటాను. దర్శకుడు నీల్ మార్షల్ అంతకుముందు 2002లో తీసిన ‘డాగ్ సోల్జర్స్’ చాలావరకు మగ సైనికుల కథ. ఇక్కడ ఆరుగురు స్త్రీలను ఎంచుకున్నా, వారిని కేకలు వేయడానికో, ఎవరో వచ్చి కాపాడడానికో పెట్టలేదు. అగాధం మీదుగా పైకప్పును పట్టుకొని తాడు కట్టుకుంటూ పోయేది రెబెక్కా. విరిగిన హాలీ కాలి ఎముకను సరిచేసేది వైద్యవిద్యార్థిని సామ్. భర్తనూ కూతురినీ ప్రమాదంలో పోగొట్టుకున్న సారా ఇరుకు సొరంగంలో చిక్కుకొని ఊపిరాడక కొట్టుకుంటున్నప్పుడు, బెత్ వెనక్కి వచ్చి మాటలతోనే ఆమెను నిమ్మళపరచి బయటికి రప్పించే ఘట్టం నా దృష్టిలో చిత్రమంతటికీ ప్రాణం. తరువాత వచ్చే నెత్తుటి పోరాటాలేవీ నాకు అంతగా గుర్తు లేవు.

అయితే ఈ స్త్రీలు తప్పులు కూడా చేస్తారు. తాము వెళ్తున్నది అందరికీ తెలిసిన గుహ కాదనీ, పటాల్లో లేని గుహ అనీ జూనో తోటివారి దగ్గర దాస్తుంది. భయంలో బెత్‌ను తానే పొడిచి, ఆమెను అక్కడే వదిలిపోతుంది. ఆ అబద్ధమూ, ఆ పిరికితనమూ లేకపోతే కథే లేదు. ధైర్యంతో పాటు నేరాన్ని కూడా స్త్రీ పాత్రకు పూర్తిగా అప్పగించిన చిత్రం కనుకనే దీనిని నేను మెచ్చుకుంటాను. మన నెల్లూరు అభ్రకం పనిలో స్త్రీలు గని పైన కూర్చొని రేకులు చీల్చేవారు, 1952 నాటి గనుల చట్టం వారిని భూమి లోపలికి పంపరాదన్నది. లోపలి చీకటి కథలన్నీ మీ తాతగారి వంటి మగవారి నోటనే వినడానికి అలవాటుపడిన మనకు, ఈ ఆరుగురూ తమంతట తాము లోపలికి దిగడం కొత్తగా అనిపించడం సహజం.

ముగింపు విషయంలో మీరూ మీ అక్కా చూసినవి వేరువేరు ప్రతులై ఉండవచ్చు. అమెరికాలో 2006లో విడుదల చేసినప్పుడు చివరి ఘట్టాన్ని కత్తిరించారు. అందులో సారా బయటపడి, కారులో పక్కన జూనో ఆకారాన్ని చూసి కేక వేయడంతో కథ ఆగుతుంది. బ్రిటిష్ ప్రతిలో ఆ బయటపడడమే కల. మెలకువ వచ్చేసరికి ఆమె గుహలోనే ఉంటుంది. ఎదురుగా చనిపోయిన కూతురు, పుట్టినరోజు కేకు, దాని మీద వెలుగుతున్న కొవ్వొత్తులు కనబడతాయి. కెమెరా వెనక్కి జరిగినప్పుడు అక్కడ పాపా లేదు, కేకూ లేదు, సారా ఒంటరిగా చూస్తున్నది తన కాగడా మంటనే. నేను నిలబడేది ఈ ముగింపు పక్షాన.