లెక్కల మాస్టారిని అడగండి: ‘కాదనుకుందాం’ అని ఎందుకు మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి తొమ్మిదో తరగతి. త్రిభుజంలో పెద్ద కోణానికి ఎదురుగా ఉన్న భుజమే పెద్దదని నిరూపించాలట. ‘అలా కాదనుకుందాం’ అంటూ మొదలుపెడుతోంది. నిజమని తెలిసినదాన్ని కాదనుకోవడం ఎందుకు? స్కేలు పెట్టి కొలిస్తే తేలిపోదా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు స్కేలు సంగతి చూద్దామమ్మా. బీ కోణం 60.5 డిగ్రీలు, సీ కోణం 59.5 డిగ్రీలు ఉండేలా ఏబీసీ త్రిభుజం గీయమనండి. ఏబీ భుజం 5 సెంటీమీటర్లయితే ఏసీ దాదాపు 5.05 వస్తుంది. తేడా అర మిల్లీమీటరు. మొద్దుబారిన పెన్సిల్ గీతే అంత మందం ఉంటుంది! పోనీ కొలిచారే అనుకుందాం, అది ఒక్క త్రిభుజం. మిగతావన్నీ ఎవరు కొలుస్తారు?

పొద్దున తలుపు తీసి, పొడిగా ఉన్న వాకిలి చూసి ‘రాత్రి వాన పడలేదు’ అంటాం కదా. పడి ఉంటే వాకిలి తడిసేది, తడవలేదు, కాబట్టి పడలేదు. మీ అమ్మాయి చేస్తున్నదీ అదే. కాదని నమ్మడం లేదు, కాదంటే ఎక్కడికి పోతామో చూస్తోంది.

బీ కోణం సీ కంటే పెద్దది. ఏసీ భుజం ఏబీ కంటే పెద్దదని తేల్చాలి. కాదంటే ఏమవ్వాలి? చాలామంది పిల్లలు ‘అయితే ఏసీ చిన్నది’ అని రాసేస్తారు. నేను దిద్దిన పేపర్లలో మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. ‘పెద్దది కాదు’ అంటే చిన్నదైనా కావచ్చు, సమానమైనా కావచ్చు. రెండు దారులూ మూయాలి. సమానమైతే అది సమద్విబాహు త్రిభుజం, బీ, సీ కోణాలు సమానం కావాలి. కావు. ఏసీ చిన్నదైతే దాని ఎదురుగా ఉన్న బీ కోణం సీ కంటే చిన్నది కావాలి. అదీ కాదు. ఇక మిగిలింది ఒక్కటే.

రెండో దారి మూసేటప్పుడు ‘పెద్ద భుజానికి ఎదురుగా పెద్ద కోణం’ అన్న మాట వాడాం, గమనించారా? దాన్ని ముందే విడిగా నిరూపించి ఉండాలి. లేకపోతే దీనికి అది, దానికి ఇది సాక్ష్యం అయిపోతుంది. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన ‘ఎలిమెంట్స్’ మొదటి పుస్తకంలో ఆ వరసే పాటించాడు. 18వ ప్రతిపాదనలో అది, 19లో ఇది. 18కి ‘కాదనుకుందాం’ అక్కర్లేదు. ఏసీ పెద్దదైతే, దాని మీద ఏబీకి సమానంగా ఏడీ కొలిచి బీడీ కలపండి. ఏబీడీ, ఏడీబీ కోణాలు సమానం. ఏడీబీ అనేది బీడీసీ త్రిభుజానికి బాహ్యకోణం, అంటే భుజాన్ని పొడిగిస్తే బయట ఏర్పడే కోణం. అది లోపలి ఎదుటి కోణం కంటే పెద్దదే, కాబట్టి సీ కంటే పెద్దది. బీ కోణమైతే ఏబీడీ కంటే కూడా పెద్దది. తేలిపోయింది. ఎంత చక్కని పని!

ఇది బాగా వచ్చాక అమ్మాయికి ఈ లెక్క ఇవ్వండి. త్రిభుజంలో రెండు కోణాలను సరిసగం చేసే సమద్విఖండన రేఖలు, శీర్షం నుంచి ఎదుటి భుజం దాకా, సమానంగా ఉంటే అది సమద్విబాహు త్రిభుజమేనని చూపాలి. 1840లో లేమస్ అనే జర్మన్ గణితవేత్త దీన్ని స్టర్మ్ అనే మరో గణితవేత్తకు ఉత్తరంలో రాశాడు. తొలి నిరూపణలు ఇచ్చినవారిలో స్విస్ గణితవేత్త స్టైనర్ ఒకరు. చూడ్డానికి చిన్నదే కానీ మొండిది. ఒక్క అడుగు చెబుతాను: రెండు కోణాలూ సమానం కాదనుకోమనండి, చిన్న కోణాన్ని చీల్చే రేఖే పొడవని చూపమనండి. ఎక్కడ చిక్కుకుందో రాస్తే అక్కడి నుంచి నేను అందుకుంటాను.