పాతబడిన పచ్చి పుఎర్ టీ మంచిదో కాదో రుచి చూసి ఎలా తెలుసుకోవాలి?

విశాఖలో ఉంటున్న మీకు, ఇరవయ్యేళ్ళ నాటిదని చెబుతున్న పచ్చి పుఎర్ టీ (చైనాలోని యున్నాన్ రాష్ట్రంలో చేసి, బిళ్ళలుగా అదిమి ఏళ్ళ తరబడి నిలవ ఉంచే టీ) బిళ్ళలోంచి ఒక ముక్క దొరికిందనీ, దాని నాణ్యతను ఎలా గుర్తించాలో తెలియడం లేదనీ రాశారు. ఉద్యోగరీత్యా దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌలో ఉన్న రోజుల్లో అక్కడి ఫాంగ్‌ట్సున్ టీ మార్కెట్ దుకాణాల్లో కూర్చుని ఈ టీని తాగడం నేర్చుకున్నాను కనుక, ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముక్కను పొడి చేయకుండా పొరలుగా విడదీసి, నూరు మిల్లీలీటర్లు పట్టే మూత కప్పులో 6 గ్రాముల ఆకు వేసి, సలసల మరిగే నీళ్ళు పోసి, ఆ మొదటి నీళ్ళను వెంటనే పారబోయండి. ఆ తరువాత కొద్ది సెకన్లకే వంపుకుంటూ, ఆకు బలం తగ్గేకొద్దీ నానబెట్టే సమయం పెంచుకుంటూ పోవాలి. పాలు, చక్కెర వేయకూడదు.

రంగు నారింజ నుంచి ఎర్రటి తేనె రంగు దాకా ఉండవచ్చు గానీ, తేటగా ఉండాలి. కాఫీలా నల్లగా దిగితే అది పచ్చి పుఎర్ కాకపోవచ్చు. తడిపిన ఆకును కుప్పపోసి కొన్ని వారాల్లోనే పులియబెట్టే పద్ధతిని 1973లో యున్నాన్‌లోని కున్మింగ్ టీ ఫ్యాక్టరీలో రూపొందించారు, ఆ పద్ధతిలో చేసిన టీ అలాగే నల్లగా ఉంటుంది. పచ్చి పుఎర్ ఆకును మాత్రం పెనం మీద తక్కువ వేడితో వాడ్చి, ఎండలో ఆరబెట్టి, బిళ్ళగా అదుముతారు. అందువల్ల అది గాలి, తేమ, సూక్ష్మజీవుల చేతుల్లో ఏళ్ళ తరబడి మెల్లగా మారుతూనే ఉంటుంది.

నా దృష్టిలో అసలు పరీక్ష మింగిన తరువాతే మొదలవుతుంది. ఉసిరికాయ తిని మంచినీళ్ళు తాగితే గొంతులో తీపి ఊరినట్లు, మంచి పుఎర్‌లో చేదు, వగరు కరిగిపోయి, ఆ చోట తీపి ఊరుతుంది. చైనాలో దీన్ని హుయ్‌గాన్ అంటారు, టీ విలువ కట్టేటప్పుడు దాన్ని ముఖ్యంగా చూస్తారు. వగరు నాలుక మీదే గరగరలాడుతూ నిలిచిపోతే, వయసు ఎంతైనా ఆ టీ గొప్పది కాదు. కర్పూరం, పాత కలప, ఎండు పండ్ల వాసనలు శుభ లక్షణాలు. తేమ ఎక్కువగా ఉండే హాంకాంగ్, గ్వాంగ్‌డాంగ్ గోదాముల్లో నిలవున్న టీలో మొదట కాస్త ముక్కిన వాసన వచ్చినా రెండు మూడు వంపులకు పోవాలి. పోకపోయినా, ఆకు మీద బూజు కనిపించినా తాగకండి.

చుట్టిన కాగితాన్ని బట్టి వయసు నిర్ణయించవద్దు. ఉదాహరణకు దాని మీద 7542 అనే మిశ్రమం సంఖ్య ఉంటే, 75 అన్నది ఆ మిశ్రమాన్ని కూర్చిన సంవత్సరం, 4 ఆకు శ్రేణి, 2 యున్నాన్‌లోని మెంగ్‌హాయ్ టీ ఫ్యాక్టరీ గుర్తు. బిళ్ళ అదిమిన ఏడాది అందులో ఉండదు. చివరి వంపు తరువాత ఆకును పళ్ళెంలో పరచి వేళ్ళతో నొక్కి చూడండి: గోధుమ రంగులో మెత్తగా, సాగుతూ ఉంటే నమ్మవచ్చు.

మనం పాలు పోసి మరిగించే అస్సాం ఆకూ, యున్నాన్‌లోని ఈ ఆకూ ఒకే పెద్దాకు జాతివి. ఎండలో ఆరబెట్టడం, ఏళ్ళ నిలవ దాన్ని ఇంత దూరం తీసుకువెళ్తాయని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మిగిలిన ముక్కను ఫ్రిజ్‌లో పెట్టకుండా, వంటింటి వాసనలకు, ఎండకు దూరంగా అట్టపెట్టెలో ఉంచి, విశాఖ గాలిలో తేమ ఎక్కువ కనుక వానాకాలంలో తరచుగా తెరిచి చూస్తూ ఉండండి.