ఫోన్‌లో చేసిన జ్ఞాపకశక్తి టెస్టులో అమ్మకు తక్కువ మార్కులొచ్చాయి, నమ్మొచ్చా?

మీ అమ్మగారికి 66 ఏళ్లు, ఏడో తరగతి చదువు, ఈమధ్య చెప్పిందే చెబుతున్నారు, ఆన్‌లైన్ టెస్టులో 30కి 17 వచ్చింది, ఇది డిమెన్షియానేనా (మతిమరుపు జబ్బేనా) అని అడిగారు. ఆ ఒక్క అంకె చూసి తేల్చేయకండి. అలాగని ఊరుకోనూ వద్దు.

మా అత్తయ్యగారు ఐదో తరగతితో బడి మానేశారు. ఆసుపత్రిలో సైకాలజిస్టు వందలోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మంటే బిక్కమొహం వేశారు. "వంద నోటిచ్చి ఏడు రూపాయల కొత్తిమీర కొంటే చిల్లర ఎంతొస్తుంది?" అంటే మాత్రం తడుముకోకుండా చెప్పారు. పైగా "ఏడు రూపాయలకు కొత్తిమీర ఎక్కడిస్తున్నారమ్మా?" అని ఆవిడనే ఎదురడిగారు. పెట్టె బొమ్మ చూసి గీయమంటే పెన్ను పట్టుకోవడానికే మొహమాటపడ్డారు.

ఇలాంటి టెస్టుల్లో బాగా పేరున్న మోకా 2005లో కెనడా నుంచి వచ్చింది. 30కి 26 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఫరవాలేదంటారు. 12 ఏళ్లకు మించి చదవనివాళ్లకు ఒక మార్కు కలుపుతారు. ఐదో తరగతికైనా ఇంటర్‌కైనా అదే ఒక్క మార్కు! మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో వేరే పరీక్షలు తయారు చేయించింది అందుకే. తెలుగులో పరీక్షించేవాళ్లు ఉన్నారో లేదో ముందే కనుక్కోండి.

డాక్టరుగారు మార్కుల కన్నా ఏం మారిందనే ఎక్కువ అడిగారు. ఎన్నేళ్లుగానో చేస్తున్న వంటలో వరస తప్పుతోందా? బీపీ మాత్ర వేసుకున్నది మరిచి మళ్లీ వేసుకుంటున్నారా? తెలిసిన వీధిలో దారి తప్పారా? ఎప్పటినుంచి? ఇవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, అక్కడ ఒక్కటీ గుర్తు రాదు.

రక్తపరీక్షలో అత్తయ్యగారికి విటమిన్ బి12 బాగా తక్కువని తేలింది. కుడి చెవి దాదాపు వినపడట్లేదని కూడా అప్పుడే తెలిసింది. ఐదు మాటలు విని తిరిగి చెప్పమన్నప్పుడు వాటిలో ఎన్ని చెవిన పడ్డాయో! ఇంజెక్షన్లు, చెవి మిషన్ తర్వాత చాలా తేరుకున్నారు. పేర్లు ఇంకా మరిచిపోతూనే ఉన్నారు, అందుకే ఆరు నెలలకోసారి చూపిస్తున్నాం.

వెళ్లేటప్పుడు అమ్మగారు వాడే మందులన్నీ, నిద్రమాత్రలతో సహా, సంచిలో వేసుకెళ్లండి. ఈలోగా ఫోన్ టెస్టు మళ్లీ మళ్లీ చేయించకండి, ప్రశ్నలు అలవాటైతే ఆసుపత్రిలో చేసేదానికీ విలువ పోతుంది. ఒకవేళ ఒకటి రెండు రోజుల్లోనే మనిషి అయోమయంలో పడితే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.